అమ్మ పలకని పేర్లు

పోయినవారం మిమ్మల్ని మా ముందుగదిలో, ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చోబెట్టి వెళ్ళిపోయాను. ఏమనుకోకండి. రిసికాతు అత్త నోరు తెరవడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి. మా అన్నయ్య దిపో జనరేటర్లో పెట్రోలు పోసి, తాడు లాగి, తిట్టి, మళ్ళీ లాగాడు. ఇప్పుడది పెరట్లో గుడగుడలాడుతోంది. పక్కన కట్టేసిన బక్రీదు పొట్టేళ్ళు దానికి పోటీగా అరుస్తున్నాయి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా నాన్న ఈ నైజీరియా ఊరు ఇజెబు-ఓదెలో గుడ్ లుక్ స్టూడియో పెట్టి బతికినన్నాళ్ళూ ఫొటోలు తీశాడు. పెళ్ళిళ్ళు, బారసాలలు, ఏటా బక్రీదు వెళ్ళిన మూడోనాడు రాజుగారి ముంగిట జరిగే ఓజుదె ఓబా పండుగ, ఆ గుర్రాలు, ఆ గొడుగులు, ఒకే రకం గుడ్డతో బట్టలు కుట్టించుకున్న ఒకే ఈడువాళ్ళ జట్లు, అన్నీ ఆయన కెమెరాలోకి వెళ్ళినవే. ఆయన పోయాక నెగటివ్‌లన్నీ పెట్టెల్లో మిగిలాయి. లాగోస్‌లో గ్యాలరీ నడిపే సలావు గారు పెట్టెలతో సహా కొనుక్కుంటామని కబురు పెట్టారు. నాన్న తర్వాత ఇంటికి పెద్దదిక్కయిన ఆయన చెల్లెలు రిసికాతు అత్త "ఇచ్చెయ్యండి" అంది. డార్క్‌రూములో నాన్న పక్కన నిలబడి ఆ ఫొటోలన్నీ కడిగిన మా అమ్మ, "అయితే నన్ను కూడా పెట్టెలో పెట్టి పంపండి" అంది. చివరికి అత్త ఒక పందెం పెట్టింది. ఫొటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం కదా, తను అడిగిన ఫొటో అడిగినట్టు తీసి చూపిస్తే పెట్టెలు అమ్మ దగ్గరే ఉంటాయి. చూపించలేకపోతే ఇవాళ మధ్యాహ్నం సలావు గారి వ్యాను ఎక్కుతాయి.

ఏ ప్రోగ్రాము వాడాలని నాకూ అన్నయ్యకూ జరిగిన యుద్ధం మీరు చదువుతూనే ఉన్నారు. అన్నయ్యది ముఖాలు గుర్తుపట్టే ప్రోగ్రాము. దానికి నెలనెలా అద్దె కట్టాలి, ఇంటర్నెట్ ఉంటేనే కదులుతుంది. ఒకేరకం తలగుడ్డ చుట్టుకున్న ఆడవాళ్ళందరినీ ఒకే మనిషి అంటుంది. ఒకసారి పండుగ పొట్టేలు మొహం చుట్టూ గీత గీసి "ఈ వ్యక్తి పేరేమిటి?" అని మర్యాదగా అడిగింది. నాది మాటల ప్రోగ్రాము. డబ్బు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది. కాకపోతే ఒక్కో ఫొటోలో ఎవరున్నారో, ఎక్కడో, ఏ సందర్భమో మనమే కూర్చుని మాటలు తగిలించాలి. తర్వాత ఆ మాట కొడితే ఫొటో వస్తుంది. అంత ఓపిక ఎవరికుంటుంది అన్నాడు అన్నయ్య. అమ్మకి ఉంది. నేను బడిలో పాఠాలు చెబుతున్నంతసేపూ తను ఇంట్లో ఒంటివేలితో టైపు చేస్తూ కూర్చుంది. ఏం టైపు చేస్తోందో మేమెవరం తొంగిచూడలేదు.

"మొదలెడదామా అత్తా?" అన్నాను.

"నేనెప్పుడో మొదలెట్టాను, మీ కరెంటే వినిపించుకోలేదు," అంది అత్త, కుర్చీలో సర్దుకుంటూ. "సికిరు మొదటిసారి గుర్రమెక్కిన ఫొటో తియ్యి."

సికిరు మా చిన్నాన్న. కిటికీ పక్కన కూర్చుని, చల్లటి నీళ్ళలో నానబెట్టిన గారీలో, అంటే కర్రపెండలం రవ్వలో, వేరుశనగపప్పు కలుపుకు తింటున్నాడు. తన పేరు వినగానే చెంచా కింద పెట్టి, అప్పుడే ఫొటో తీస్తున్నట్టు నిటారుగా కూర్చున్నాడు.

సికిరు అని కొట్టాను. ఏమీ రాలేదు.

"అక్షరాలు సరిగ్గా కొట్టావా?" అన్నాడు అన్నయ్య. సంతోషం దాచుకోవడం వాడికి చిన్నప్పట్నుంచీ రాదు.

మళ్ళీ కొట్టాను. ఖాళీ. సికిరు, గుర్రం అని కొట్టాను. గుర్రాలు బోలెడు వచ్చాయి, ఎవరి కింద ఏ గుర్రమో తెలియలేదు.

"పోనీ నన్ను చూపించు," అంది అత్త.

రిసికాతు అని కొట్టాను. ఖాళీ. నాన్న పేరు కొట్టాను. ఖాళీ. తాత పేరు, నాయనమ్మ పేరు, ఆఖరికి కువైట్‌లో ఉన్న పెద్దనాన్న పేరు కూడా కొట్టాను. ఒక్కరూ పలకలేదు. విచిత్రమేమిటంటే బింపె అని కొడితే రెండు జడలతో నేను వచ్చాను. దిపో అని కొడితే ముక్కు కారుతూ అన్నయ్య వచ్చాడు. వీధి చివర టైలరు మూసా అయితే కుట్టుమిషనుతో సహా వచ్చాడు. నాన్న వైపు వంశమంతా మాత్రం కంప్యూటర్లో ఎక్కడా లేదు.

"అయితే ఇన్నేళ్ళూ నేను ఈ ఇంట్లో లేనన్నమాట," అన్నాడు చిన్నాన్న. "నా వంతు మాంసం ఎవడు తిన్నట్టు?"

"అందుకే చెప్పాను, ముఖాల ప్రోగ్రాము తీసుకుందామని," అన్నాడు అన్నయ్య.

"నీ ప్రోగ్రాము చిన్నాన్నని పొట్టేలనుకుంది."

"పొట్టేల్ని చిన్నాన్న అనుకుంది. రెండూ ఒకటి కాదు."

గోడవారగా పేర్చిన పెట్టెల మీద అమ్మ వేసిన పూలగుడ్డ కనిపిస్తోంది. నిన్న రాత్రి ఆ గుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి మరీ కప్పింది. పెట్టెలు పోతే తను ఏమైపోతుందో నాకు తెలుసు. వంటింట్లోకి కేకేశాను.

అమ్మ వచ్చింది. చేతులకి తురిమిన నీటికంద అంటుకుని ఉంది. పందెం రోజున కూడా ఆ కందతో ఇకోకోరె వండటం మానలేదు.

"అమ్మా, చిన్నాన్న ఫొటోలకి నువ్వు మాటలు తగిలించలేదా?"

"అన్నిటికీ తగిలించాను."

"సికిరు అని కొడితే రావట్లేదు."

అమ్మ నావంక చూసిన చూపు, నేను నలుగురిలో అనకూడని మాటేదో అన్నట్టుంది. "అలా కొడితే ఎందుకొస్తుంది? మా ఆయన తమ్ముణ్ణి నేను పేరు పెట్టి పిలుస్తానా?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. చిన్నాన్నకే ముందు వెలిగింది. ఆయన పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది.

మా వైపు కోడలు గడప తొక్కేనాటికి ఆ ఇంట్లో పుట్టి ఉన్న ఎవర్నీ పేరు పెట్టి పిలవదు. పెద్దవాళ్ళనే కాదు, ఒళ్ళో ఉన్న పసిగుడ్డునైనా సరే. ఒక్కొక్కరికీ తనే ఒక ముద్దుపేరు కట్టి, చచ్చేదాకా అలాగే పిలుస్తుంది. ఆ తర్వాత పుట్టినవాళ్ళని, ఊళ్ళోవాళ్ళని ఎలా పిలిచినా తప్పులేదు. ఇదంతా మాకు కొత్తేమీ కాదు. కంప్యూటరు ముందు కూడా అమ్మ కోడలిగానే కూర్చుందన్నదే మాకు తట్టలేదు.

"మెషీన్ దగ్గర కూడానా అమ్మా? అది వినదు కదా," అన్నాడు అన్నయ్య తల పట్టుకుని.

"అది వినదు. నేను వింటాను. టైపు చేస్తుంటే నాకు మాట నోట్లోకి వస్తుంది."

"మరి చిన్నాన్న ఏ మాట కింద ఉన్నాడు?"

"తెలీనట్టు అడుగుతావేం? తెల్లపళ్ళ దొర."

కొట్టాను. తెరంతా చిన్నాన్నే. పాకే చిన్నాన్న, బడికి పోనని గుమ్మం పట్టుకున్న చిన్నాన్న, పెళ్ళిలో టోపీ పక్కకి జారిన చిన్నాన్న. గుర్రం ఫొటో కూడా వచ్చింది. గుర్రం మెడని రెండు చేతులా కౌగిలించుకుని, నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. గుర్రం మాత్రం కెమెరా వంక చక్కగా చూస్తోంది.

"నేను కాపురానికి వచ్చేనాటికి బోసినోరు," అంది అమ్మ ముద్దుగా. "ముందుచూపుతో పెట్టుకున్నాను ఆ పేరు."

"ఇప్పుడీ పళ్ళల్లో ఒక్కటీ నాది కాదు పెళ్ళికూతురా," అన్నాడు చిన్నాన్న. అమ్మకి డెబ్బై దాటినా ఈ ఇంటికి ఇంకా పెళ్ళికూతురే. "దొరని మాత్రం నేనే."

అందరం నవ్వాం. అత్త నవ్వలేదు.

"నేను అడిగింది సికిరు అని," అంది. "రాలేదు. రేపు మనవలు వచ్చి వెతుక్కుంటే ఈ తెల్లపళ్ళూ, నాకు పెట్టిన నడుంపూసలూ వాళ్ళకేం తెలుస్తాయి? పెళ్ళికూతురు ఉన్నన్నాళ్ళే ఇది పనికొస్తుంది. ఆ తర్వాత తాళంచెవి పోయిన బీరువా."

కోపమొచ్చినా ఒప్పుకోవాలి, అత్త మాట న్యాయంగానే ఉంది. అమ్మ మొహం చిన్నబోయింది. కంద అంటిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుంకి చుట్టుకున్న గుడ్డకేసి తుడుచుకుంది. ఆ చేతులు చూశాకే నాకు బుర్ర పనిచేసింది. నా ప్రోగ్రాములో ఒక మాటకి ఇంకో మాటని జోడించే వీలుంది. ఒక్కచోట జోడిస్తే చాలు, ఆ మాట ఉన్న ఫొటోలన్నిటికీ రెండోది కూడా వర్తిస్తుంది.

తెల్లపళ్ళ దొర అన్న మాట తెరిచాను. కింద సికిరు అని చేర్చాను. వెనక్కి వచ్చి, అత్తకి కనిపించేట్టు తెర తిప్పి, మెల్లగా సికిరు అని కొట్టాను. గుర్రంతో సహా చిన్నాన్న మొత్తం దిగిపోయాడు.

"అమ్మ పెట్టిందీ ఉంటుంది, తాత పెట్టిందీ ఉంటుంది," అన్నాను. "ఏది కొట్టినా వస్తారు."

అన్నయ్య దగ్గరికొచ్చి వంగి చూశాడు. "నాదాంట్లో ముఖానికి ఒక్క పేరే పడుతుంది," అన్నాడు. ఇన్ని వారాల్లో వాడు ఓడిపోయి మాట్లాడటం ఇదే మొదలు. వాడికి ఒక ప్లేటు ఇకోకోరె ఎక్కువ పెట్టాలనిపించింది.

"బాగానే ఉంది. మరి ఏ ముద్దుపేరు ఎవరిదో ఎవరు చెప్పాలి? మీ అమ్మ ఎటూ పేరు పలకదు," అంది అత్త.

"ఎవరి పేరు వాళ్ళే చెప్పుకుంటారు అత్తా."

ఆ మాట చిన్నాన్న కిటికీలోంచి బయటికి అందించాడు. ఇక చూడండి. వాకిలి చుట్టూ ఉన్న ఇళ్ళల్లోని మా వంశంవాళ్ళందరూ చేస్తున్న పనులు వదిలేసి వచ్చారు. "నన్నేమని రాసింది?" అని ఒకరు, "నాకు మంచిదే పెట్టిందా?" అని ఒకరు. లావుపాటి కుదిరతు అత్త "సన్నతీగ" అని వింటూనే ముందుకొచ్చి, "నేనే, నేనే" అని చెయ్యెత్తింది. కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన లతీఫు బాబాయి పేరు "అడక్కుండా ఇచ్చేవాడు" అని తేలింది. ఆయన జేబులోంచి పైసా రాలడం ఈ వాకిట్లో ఎవరూ చూడలేదు. నవ్వుకి పొట్టేళ్ళు కూడా అరవడం ఆపాయి.

"అది ఆశకొద్దీ పెట్టాను," అంది అమ్మ తల దించుకుని.

లతీఫు బాబాయి మాత్రం ఎంత పొంగిపోయాడంటే, అందరికీ చల్లటి సీసాలు తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు కూడా. పేరుకి అంత బలం ఉంటుందని నాకు తెలీదు.

నేను పేర్లు జోడిస్తూ పోయాను. నాన్న వంతు వచ్చింది. తన మొగుడికి అమ్మ పెట్టిన మాట "వెలుగు చూసేవాడు". దాని కింద నాన్న పేరు నేనే చేర్చాను. అమ్మ తెరమీద ఆ రెండూ పక్కపక్కన చూసి, "బాగున్నాయి," అంది. అంతే అంది.

"ఇక నాది కొట్టు," అంది అత్త. "నడుంపూసల రాణి. నాకు తెలుసులే."

కొట్టాను. అత్త వయసులో ఉన్నప్పుడు ఎంత అందగత్తో చెప్పేవాళ్ళు, మాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. తెరమీద నడుం మీద చెయ్యి వేసుకుని, మగవాళ్ళ ప్యాంటు తొడుక్కుని, స్కూటరుకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఈ ప్యాంటు ఎవరిది?" అంది అత్త కళ్ళు చిట్లించి.

"మా ఆయనది," అంది అమ్మ. "నేను కొత్తగా ఇస్త్రీ చేసి పెడితే మీరు ఎత్తుకుపోయారు. ఆ రోజంతా ఆయన లుంగీతోనే స్టూడియో నడిపారు."

అత్త నవ్వింది. గొంతులోంచి కాదు, కడుపులోంచి నవ్వింది. చాలాసేపు నవ్వి, తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. "సరే. పెట్టెలు ఇక్కడే ఉంటాయి. సలావు గారికి భోజనం పెట్టి పంపించండి."

అమ్మ అత్త ముందు మోకరిల్లింది. అత్త ఆమెని భుజాలు పట్టి లేపింది. చిన్నాన్న బల్లనే డోలు చేసుకుని వాయించాడు, కుదిరతు అత్త ఆ వాయింపుకి నడుం తిప్పింది. అన్నయ్య నన్నెత్తి గిరగిర తిప్పి పెట్టెల మీద కూలేశాడు. ఇస్త్రీ చేసిన గుడ్డ నలిగిపోయినా అమ్మ ఏమీ అనలేదు.

అప్పుడే ఆపేసి ఉంటే ఈ భాగం ఇక్కడితో సుఖంగా ముగిసేది. కానీ నేను బడిపంతులమ్మని. పట్టికలో జోడీ లేని మాట ఒకటి మిగిలిపోతే నాకు నిద్రపట్టదు.

"ఇంకోటుంది," అన్నాను. "నిద్దట్లో నవ్వేవాడు. ఎవరది?"

ఎవరూ చెయ్యెత్తలేదు. మాట తెరిచాను. ఒక పిల్లాడు. స్టూడియోలో విమానం బొమ్మ గీసిన తెర ముందు నిలబడి ఉన్నాడు. తర్వాతి ఫొటోలో అదే తెర, కొంచెం ఎదిగిన అదే పిల్లాడు. ప్రతి పండుక్కీ ఒక ఫొటో, ప్రతిసారీ కొత్త బట్టలు. చివరికి మీసాలొచ్చాయి. విమానం రంగు వెలిసింది.

"ఎవరో కస్టమరు కొడుకై ఉంటాడు," అన్నాడు అన్నయ్య.

"కస్టమరైతే అమ్మ పేరే రాసేది కదా, టైలరు మూసాకి రాసినట్టు," అన్నాను. అనేశాక నా మాట నాకే తగిలింది. ముద్దుపేరు ఉందంటే ఈ ఇంట్లో పుట్టినవాడే. అదీ అమ్మ గడప తొక్కకముందు.

డోలు ఆగింది. "అప్పుడు ఈ ఇంట్లో పసివాణ్ణి నేనొక్కణ్ణే కదా పెళ్ళికూతురా?" అన్నాడు చిన్నాన్న.

"కంద అడుగంటుతోంది," అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అబద్ధమాడాల్సి వస్తే అమ్మకి ఎప్పుడూ వంటిల్లే దిక్కు.

అన్నయ్య తన కంప్యూటరు తెరిచాడు. "నీ మాటలు చెప్పంది నా ముఖాలు చెబుతాయేమో చూద్దాం," అన్నాడు. ఆ కుర్రాడి ముఖం ఇచ్చాడు. ఇంటర్నెట్ నత్తలా కదిలింది. ప్రోగ్రాము విమానం తెర ముందున్న ఫొటోలన్నీ ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చింది. ఆ వరస చివర, అన్నయ్య ఫోన్లోంచి ఎక్కిన పోయిన నెల ఫొటో ఒకటి తెచ్చి పెట్టింది. లాగోస్‌లో తీసుకున్నది. అన్నయ్య ఒకాయన పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఆయన తెల్ల టోపీ పెట్టుకుని ఉన్నారు. సలావు గారు.

"ఇదీ పొట్టేలు లాంటి పొరపాటేమో," అన్నాడు చిన్నాన్న. నవ్వుదామనుకున్నాడు కానీ రాలేదు. ఆ మీసాల కింద నవ్వు, ఈ తెల్ల టోపీ కింద నవ్వు ఒక్కటే. చూస్తున్న వాళ్ళెవరికైనా తెలుస్తుంది.

గేటు దగ్గర వ్యాను హారను మోగింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. తెర వంక చూడలేదు, మా వంక చూడలేదు. చేతులు కడుక్కుని ఉంది, మంచి తలగుడ్డ చుట్టుకుని ఉంది. నేరుగా గేటు దాకా నడిచింది. వ్యాను దిగిన ఆ పెద్దమనిషి ముందు, ఇంటి బిడ్డ ముందు కోడలు మోకరిల్లినట్టు మోకరిల్లింది.

"వచ్చావా, నిద్దట్లో నవ్వేవాడా," అంది.

ఆయన ఆ ఖరీదైన తెల్లబట్టలతోనే మట్టిలో సాష్టాంగం పడ్డారు. "వచ్చానమ్మా," అన్నారు, పుట్టినప్పట్నుంచీ ఆయన్ని అందరూ అలాగే పిలుస్తున్నట్టు. తర్వాత ఇద్దరూ లేచి, ఒకర్నొకరు పట్టుకుని, చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఏం జరుగుతోందో తెలియకుండానే నాకూ నవ్వొచ్చింది.

వెనక్కి తిరిగి చూశాను. అందరూ గేటు వైపు పరిగెత్తారు. రిసికాతు అత్త ఒక్కతే కుర్చీలో ఉంది. తనకంటూ పిల్లల్లేరని మమ్మల్నందరినీ ఒళ్ళో పెంచిన అత్త. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. విమానం ముందున్న ఆ పిల్లాడి చెంపని, తెరమీదే, వేలితో నిమురుతోంది.

"బింపె," అంది. "ఆ మాట కింద ఇంకా ఖాళీగానే ఉంది కదా?"

"ఉంది అత్తా."

"అయితే టైపు చెయ్యి. పేరు నేను చెబుతాను. పెట్టింది నేనే."